వెనక క్యారియర్‌కి తీసి పెట్టుకునే బుట్ట: మీరెలా బిగించారు?

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
ఆదివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారమండి. నాది మామూలు హైబ్రిడ్ సైకిల్, 700సి చక్రాలు, వెనక అల్యూమినియం క్యారియర్. వారానికి రెండుసార్లు రైతు బజార్‌కి దాని మీదే వెళ్తాను. ఇన్నాళ్లూ సంచిని క్యారియర్ మీద పెట్టి సాగే తాడుతో కట్టేసేదాన్ని. పోయిన గురువారం మలుపులో సంచి ఒరిగిపోయి టమాటాలన్నీ రోడ్డు మీద పడ్డాయి. వెనక వస్తున్న ఆటో అతను ఆపి, ఏరి పెట్టాడు పాపం. ఇక ఇలా కుదరదని బుట్ట బిగిద్దామనుకుంటున్నాను.

చిక్కేమిటంటే మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కూరగాయలతో సహా బుట్టని ఊడదీసి పైకి పట్టుకెళ్లేలా ఉండాలి. పొద్దున్నే గట్టు మీద తొక్కడానికి వెళ్లేటప్పుడు బుట్ట అక్కర్లేదు. తీయడం, పెట్టడం నిమిషంలో అయిపోవాలి, స్పానర్ పట్టుకోకూడదు.

కొలతలు: క్యారియర్ పైభాగం పొడవు 34 సెం.మీ., వెడల్పు 12 సెం.మీ. చువ్వలు 10 మి.మీ. మందం. రెండు పక్క చువ్వల మధ్య ఖాళీ 10 సెం.మీ. ముందూ వెనకా ఒక్కో అడ్డ చువ్వ ఉంది. క్యారియర్ మీద 25 కిలోలని ముద్ర వేసి ఉంది. బుట్ట ప్లాస్టిక్ క్రేట్, 40×30, ఎత్తు 22 సెం.మీ. నా సామాను ఎంత ఎక్కువైనా ఎనిమిది తొమ్మిది కిలోలు దాటదు.

మీరెవరైనా చేసి ఉంటే చెప్పండి.

జిప్‌టై_రాజు (హైదరాబాద్)
ఆదివారం, ఉదయం 8:34

ఆరు జిప్ టైలు వేసి గట్టిగా లాగండి, బుట్ట అంగుళం కూడా కదలదు. నేను నాలుగేళ్లుగా అలాగే వాడుతున్నా. ఏడాదికోసారి ఎండకి పెళుసెక్కి పుటుక్కుమంటాయి, అప్పుడు కొత్తవి వేస్తా. నల్లవి తీసుకోండి, తెల్లవాటికంటే ఎండకి ఎక్కువ కాలం ఆగుతాయి.

గోదారిగట్టు
ఆదివారం, ఉదయం 8:50

రాజు గారూ, తీసినప్పుడల్లా ఆరు టైలు కత్తిరించి కొత్తవి వేయాలంటే నా వల్ల కాదండి. ఎప్పుడూ ఊడదీయని వాళ్లకి మాత్రం ఇదే సులువు, ఒప్పుకుంటాను.

స్ప్రింగ్‌క్లిప్పు (గుడివాడ)
ఆదివారం, ఉదయం 9:15

మన పాత సైకిళ్ల క్యారియర్‌కి స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది కదా. బుట్ట అడుగున పలక బిగించి, ఆ పలకని క్లిప్పు కింద దూర్చేస్తే చాలు. మా ఇంట్లో పుస్తకాలు, టిఫిన్ క్యారేజీ అన్నీ అలాగే వెళ్లాయి.

ఆటోనగర్_శ్రీను (విజయవాడ)
ఆదివారం, ఉదయం 10:05

> ఆ పలకని క్లిప్పు కింద దూర్చేస్తే చాలు

పుస్తకాలకి చాలు, ఎనిమిది కిలోల బుట్టకి చాలదు అన్నా. ఆ స్ప్రింగు పైనుంచి నొక్కుతుందే తప్ప పక్కకి జరగకుండా ఆపదు. కొత్తలో గట్టిగానే ఉంటుంది. రెండేళ్లకి వదులైపోతుంది. గతుకులో వెళ్లినప్పుడు పలక మెల్లగా వెనక్కి జారి బయటికొచ్చేస్తుంది.

గోదారిగట్టు గారూ, నేను వెల్డింగ్, ఫిట్టింగ్ పని చేస్తాను. బుట్ట ఏ రకమైనా సరే, ఒకటే చూసుకోండి. అది మూడు విధాలుగా కదలాలని చూస్తుంది. గతుకు వస్తే పైకి లేస్తుంది. మలుపులో, ముఖ్యంగా సైకిల్ దిగి నడిపించేటప్పుడు, పక్కకి ఒరుగుతుంది. బ్రేకు వేస్తే ముందుకి, ఎత్తు ఎక్కితే వెనక్కి జారుతుంది. ఈ మూడింటినీ ఒక్క క్లిప్పుతోనో ఒక్క తాడుతోనో ఆపాలనుకోవడమే తప్పు. దేనికదే ఆపేది వేరుగా పెట్టండి. గొళ్లెం ఏది పెట్టినా దాని మీద బరువు పడకూడదు. బరువంతా క్యారియర్ చువ్వల మీదే కూర్చోవాలి, గొళ్లెం ఊరికే పట్టుకుని ఉండాలి. బరువు మోసే గొళ్లెం ఏదో ఒక రోజు తెగుతుంది.

ఇంకోటి. సాగే తాడు వాడేవాళ్లు దాని ఇనప కొక్కెం చూసుకోండి. జారితే నేరుగా ఊచల్లోకి వెళ్తుంది. లాగి తగిలించేటప్పుడు చెయ్యి జారితే కంటికి తగులుతుంది. రెండూ చూశాను.

తెనాలి_పాలక్యాన్ (తెనాలి)
ఆదివారం, మధ్యాహ్నం 1:20

మా నాన్నగారు ముప్పై ఏళ్లు సైకిల్ మీద పాలు పోశారు. క్యారియర్‌కి రెండు వైపులా క్యాన్లు. తీసి పెట్టుకునే బుట్ట అంటే నాకు వెంటనే ఆ కొక్కేలే గుర్తొచ్చాయి. లావుపాటి ఇనప ఊచని కమ్మరి దగ్గర వంచించేవారు. ఒక వంపు క్యారియర్ చువ్వ మీద కూర్చుంటుంది, రెండో వంపులో క్యాన్ పిడి కూర్చుంటుంది. నట్టూ లేదు, బోల్టూ లేదు. ఇంటి ముందు ఆగడం, క్యాన్ ఎత్తడం, కొలిచి పోసి మళ్లీ తగిలించడం. రోజుకి నలభై యాభై సార్లు అలా తీసి పెట్టేవారు. క్యాన్ అడుగు ఊగకుండా చక్రం పక్కన చువ్వకి ట్యూబు ముక్కతో ఒక కట్టు వేసేవారు. ఆ ట్యూబు ముక్క ఎక్కడ అరిగిందో వేలితో తడిమి చూసుకుంటేగానీ పొద్దున్న బండి తీసేవారు కాదు.

ఇందులో బరువు కిందికి, ఇరుసు దగ్గరికి వస్తుంది. పైన పెట్టిన బుట్టకంటే సైకిల్ నిలకడగా ఉంటుంది. రెండు వైపులా సమానంగా మాత్రం ఉండాలి. ఒక క్యాన్ ఖాళీ అవుతుంటే నాన్నగారు రెండోదాంట్లోంచి కొంచెం ఇందులోకి ఒంపి సరిచేసేవారు.

మీరు కూడా క్రేట్ బదులు పక్కన వేలాడే రెండు బుట్టలు పెట్టుకోవచ్చు కదా?

గోదారిగట్టు
ఆదివారం, మధ్యాహ్నం 2:45

నాన్నగారి సంగతి చదివి చాలా సంతోషం వేసిందండి. పక్క బుట్టలు నేనూ ఆలోచించాను. ఒకసారి సంచిని పక్కన వేలాడదీసి తొక్కితే ప్రతి తొక్కుకీ మడమ తగిలింది.

ఆటోనగర్_శ్రీను
ఆదివారం, సాయంత్రం 4:10

అది సైకిల్ తేడా అండి. 28 అంగుళాల పాత సైకిల్ పొడుగ్గా ఉంటుంది, పెడల్‌కీ వెనక ఇరుసుకీ మధ్య దూరం ఎక్కువ. మీ హైబ్రిడ్‌లో ఆ దూరం తక్కువ. పక్క బుట్ట పెట్టాలంటే మడమ తగలకుండా బాగా వెనక్కి జరపాలి, మీ 34 సెం.మీ. క్యారియర్ మీద అంత చోటు రాదు. మీకు పై బుట్టే మంచిది.

సరళరేఖ (విశాఖపట్నం)
ఆదివారం, రాత్రి 9:30

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. 22 సెం.మీ. ఎత్తు బుట్ట బిగించాక మీరు కాలు వెనకనుంచి తిప్పి ఎక్కలేరు. అలవాటు ప్రకారం కాలు లేపి, బుట్టకి తగిలి, సైకిల్‌తో సహా పడ్డాను నేను. చుడీదార్ చున్నీ అయితే మరీ జాగ్రత్త. సైకిల్‌ని బాగా మీ వైపు వంచి, సీటు ముందునుంచి కాలు దాటించడం ముందే నాలుగు రోజులు అలవాటు చేసుకోండి.

స్టాండు కూడా చూసుకోండి. పక్క స్టాండు మీద నిండు బుట్టతో నిలబెడితే హ్యాండిల్ తిరిగిపోయి బండి వాలిపోతుంది. రెండు కాళ్ల స్టాండు వేయించుకుంటే తెరిపి. లేదంటే ముందు సైకిల్‌ని గోడకి ఆనించి, తర్వాత సామాను పెట్టండి.

ఐంధోవెన్_తెలుగు (నెదర్లాండ్స్)
సోమవారం, తెల్లవారుజామున 2:15

ఇక్కడ ఈ అవసరం ఇంటింటికీ ఉన్నదే. ఎమ్ఐకే అని ఒక పద్ధతి బాగా వాడుకలో ఉంది. క్యారియర్‌లోనే ఒక గాడి ఉంటుంది. బుట్ట అడుగున ప్లాస్టిక్ పలక బిగిస్తారు. పలకని గాడిలోకి తోస్తే టక్కుమని కూర్చుంటుంది. మీట లాగితే బయటికొస్తుంది. ఆ పలకని విడిగా కూడా అమ్ముతారు, మనకి నచ్చిన క్రేట్‌కి బోల్టులతో బిగించుకోవచ్చు. జర్మనీ వాళ్ల రాక్‌టైమ్ క్యారియర్లకి కూడా ఇలాంటి తగిలింపే ఉంది, పేరు స్నాపిట్. రెండూ ఒకదానికొకటి సరిపోవు, కొనేటప్పుడు క్యారియర్ ఏ రకమో చూసుకోవాలి.

ఇది కొనమని చెప్పడం లేదు. క్యారియర్‌తో సహా మార్చాలి, ఖర్చు. కానీ దాని పనితీరు గమనిస్తే శ్రీను గారు చెప్పిందే కనిపిస్తుంది. పలక గాడిలో కూర్చోగానే పక్కకి, పైకి కదలడం ఆగిపోతుంది. ఆ చిన్న గొళ్లెం వెనక్కి జారకుండా మాత్రమే చూసుకుంటుంది. ఇదే సంగతి చెక్కతో చేయలేమా?

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 8:40

చేయొచ్చనే అనిపిస్తోంది. ఇవాళంతా కాగితం మీద గీస్తూ కూర్చున్నాను. నా ఆలోచన ఇది.

క్రేట్ అడుగున 12 మి.మీ. ప్లైవుడ్ పలక. దాని కింద ముందు వైపు ఒక పట్టీని వంచి కొక్కెంలా పెడతాను, అది క్యారియర్ ముందు అడ్డ చువ్వ కిందికి దూరుతుంది. వెనక వైపు ఒక ఎం6 (6 మి.మీ. లావు) బోల్టు, క్యారియర్ కింద అడ్డంగా ఒక పట్టీ. బుట్ట లోపల ప్లాస్టిక్ పిడి. పిడి తిప్పితే కింద పట్టీ బిగుస్తుంది, వదులు చేసి పట్టీని నిలువుగా తిప్పితే బుట్ట పైకి వచ్చేస్తుంది. ఎలా ఉంది?

సరళరేఖ
సోమవారం, రాత్రి 9:05

పిడి బుట్ట లోపల అడుగున ఉంటే, దాని మీద తొమ్మిది కిలోల కూరగాయలు ఉంటాయి కదండీ. తిప్పడానికి అన్నీ బయటికి తీయాలి. మీరు నిండు బుట్టనే ఊడదీయాలన్నారు!

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 9:12

అవును! ఎంత గీసినా ఖాళీ బుట్టనే ఊహించుకున్నాను. చాలా థాంక్సండి, చెక్క కోయించక ముందే చెప్పారు.

ఆటోనగర్_శ్రీను
సోమవారం, రాత్రి 10:20

ముందు కొక్కెం ఆలోచన బావుంది, అది ఉంచండి. వెనక బోల్టు వద్దు. బోల్టు కింద పొడుగ్గా దిగితే మడ్‌గార్డ్‌కో టైరుకో రాసుకునే ప్రమాదం కూడా ఉంది.

వెనక ట్రంకు పెట్టెకి ఉండే లాగుడు గొళ్లెం పెట్టండి. హార్డ్‌వేర్ షాపులో టాగుల్ ల్యాచ్ అంటే ఇస్తారు. తీగ ఉచ్చుని కొక్కేనికి తగిలించి మీట కిందికి నొక్కితే బిగుసుకుంటుంది, మీట ఎత్తితే వదిలేస్తుంది. ఒంటి చేత్తో అయిపోతుంది, బుట్ట నిండుగా ఉన్నా ఇబ్బంది లేదు. మీట భాగం పలక వెనక అంచుకి. కొక్కెం భాగం క్యారియర్ చివర రిఫ్లెక్టర్ బిగించే రేకుకి. ఆ రేకులో రంధ్రాలు ఎలాగూ ఉంటాయి, క్యారియర్‌కి కొత్తగా రంధ్రం పెట్టకండి. గొట్టానికి రంధ్రం పెడితే పగులు అక్కడే మొదలవుతుంది.

ఇక పక్కకి జరగకుండా. పలక కింద రెండు చెక్క బద్దలు పొడవునా మేకులు కాదు, స్క్రూలతో బిగించండి. అవి మీ రెండు పక్క చువ్వల మధ్య దిగి కూర్చోవాలి. మీ ఖాళీ 10 సెం.మీ. కాబట్టి బద్దల బయటి అంచుల మధ్య 9.6 సెం.మీ. పెట్టి, ఒక్కో వైపు పాత ట్యూబు ముక్క అంటించండి. ట్యూబు మిల్లీమీటరు మందం వేసుకున్నా ఇంకా రెండు మిల్లీమీటర్లు సందు ఉంటుంది. సులువుగా దిగుతుంది, ఊగదు.

ముందు కొక్కేనికి అల్యూమినియం పట్టీ వద్దు. మూల తిరిగేలా వంచితే చీలిక వస్తుంది, పైకి కనపడదు. 2 మి.మీ. ఇనప పట్టీ వాడి రంగు వేయండి. ఇనుము అల్యూమినియాన్ని తాకే ప్రతి చోటా రబ్బరు ఉండాలి. లేకపోతే వాన తడికి అల్యూమినియం తినుకుపోతుంది, పైగా కటకటలాడుతుంది.

క్రేట్‌ని అడ్డంగా పెట్టండి. పొడవు వైపు 30 వస్తుంది, 34 క్యారియర్ మీద పూర్తిగా కూర్చుంటుంది. 40 వెడల్పంటే హ్యాండిల్ కంటే తక్కువే. బరువు ఇరుసుకి వెనక పడకూడదు. వెనక పడితే ముందు చక్రం తేలికైపోయి హ్యాండిల్ ఊగుతుంది.

తెనాలి_పాలక్యాన్
మంగళవారం, ఉదయం 6:30

ప్లైవుడ్ మామూలుది తీసుకోకండి, ఒక్క వానాకాలానికే పొరలు విడిపోతుంది. ఐఎస్ 710 అని ముద్ర ఉన్నది మెరైన్ ప్లై. వడ్రంగి దగ్గర తుంటలు ఉంటాయి, అడిగితే ఇస్తారు. కోసిన అంచులకి రెండు పూతలు వార్నిష్ వేయండి, నీళ్లు తాగేది అంచుల్లోంచే.

మేదరిబుట్ట (ఖమ్మం)
మంగళవారం, ఉదయం 11:00

ప్లాస్టిక్ క్రేట్ బదులు వెదురు బుట్ట పెట్టుకోవచ్చని ఒక మాట. మా ఊరి మేదరాయన దగ్గర కొలత ఇచ్చి చేయించుకున్నాను, నలుచదరంగా. తేలిక, చప్పుడు ఉండదు, ఆకుకూరకి గాలి తగులుతుంది. గోంగూర, తోటకూర ఇంటికొచ్చేదాకా వడలవు. అల్లిక మధ్యలో బోల్టు వేస్తే మాత్రం వెదురు చీలుతుంది. అడుగున ఒక పలక, లోపల ఒక పలక పెట్టి అల్లికని రెండింటి మధ్య నొక్కిపట్టేలా బిగించాలి. వానలో తడిస్తే నీడలో ఆరబెట్టుకోవాలి. ఆ మాత్రం చూసుకుంటే నాకు రెండేళ్లు వచ్చింది, ఇంకా వస్తోంది.

గోదారిగట్టు
తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:30

చేసేశానండి! రెండు సాయంత్రాలు పట్టింది.

వడ్రంగి గారు మెరైన్ ప్లై తుంట ఉచితంగానే ఇచ్చి, 30×28 కొలతకి కోసిపెట్టారు. గొళ్లెం కోసం మూడు షాపులు తిరిగాను. పెద్దవి, ఫ్యాక్టరీ పెట్టెలకి వాడేవి చూపించారు. చివరికి ఒక పాత షాపులో చిన్నది దొరికింది. బోల్టులు ఎం6, 10 నంబరు స్పానర్. గుండ్రటి తల బుట్ట లోపలికి, నట్టు కిందికి వచ్చేలా వేశాను, లేకపోతే బోల్టు మొన వంకాయలకి గుచ్చుకుంటుంది. కింద నట్లు చువ్వల మీదికి రాకుండా పలక నాలుగు మూలల వైపు జరిపాను. క్రేట్ అడుగంతా జాలీ కాబట్టి రూపాయి బిళ్లకంటే పెద్ద వాషర్లు వేశాను. నట్లు నైలాన్ రింగు ఉన్నవి.

బద్దలు మొదట 9.8కి బిగించాను, ట్యూబు అంటించాక అసలు దిగలేదు. విప్పి, శ్రీను గారు చెప్పిన 9.6కి జరిపాక గూట్లో పెట్టినట్టు కూర్చుంది.

రిఫ్లెక్టర్ ఉన్న చోట గొళ్లెం కొక్కెం వచ్చింది కాబట్టి రిఫ్లెక్టర్‌ని మడ్‌గార్డ్ మీదికి మార్చాను. బుట్ట వెనక ఇంకో ఎర్రది అంటించాను. బుట్ట ఉన్నా లేకపోయినా వెనక వాళ్లకి కనిపించాలి కదా.

ఇవాళ ఆరు కిలోలతో వచ్చాను. కింద ఆగి, మీట ఎత్తి, బుట్టని కాస్త వెనక్కి లాగితే చేతిలోకి వచ్చేసింది.

ఐంధోవెన్_తెలుగు
తర్వాతి ఆదివారం, రాత్రి 7:10

చదువుతుంటేనే ఆనందంగా ఉంది. ఫోటో పెట్టండి, ముఖ్యంగా అడుగు భాగం.

గోదారిగట్టు
బుధవారం, రాత్రి 8:15

ఒక సమస్య వచ్చింది. ఇవాళ ఖాళీ బుట్టతో వెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర గొళ్లెం మీట తనంతట తనే లేచిపోయింది. బుట్ట పడలేదు. ముందు కొక్కెం, పక్క బద్దలు పట్టుకునే ఉన్నాయి, వెనక మాత్రం ఎగిరెగిరి పడింది. నిండు బుట్టతో ఇలా కాలేదు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

ఆటోనగర్_శ్రీను
బుధవారం, రాత్రి 8:50

బరువు లేనప్పుడే బుట్ట ఎక్కువ ఎగురుతుంది, అది మామూలే. రెండు పనులు చేయండి. పలక వెనక వైపు అడుగున, చువ్వ తగిలే చోట ఇంకో పొర ట్యూబు అంటించండి. అప్పుడు మీట నొక్కితే రబ్బరు కాస్త నలుగుతుంది, ఆ ఒత్తిడి మీటని కిందికి పట్టి ఉంచుతుంది. ఇప్పుడు మీ గొళ్లెం వదులుగా మూసుకుంటోంది, అందుకే లేచింది.

రెండోది, మీటలో చిన్న రంధ్రం ఉందా? ఉంటే అందులో పిన్ను దూర్చండి. పిన్ను పోకుండా దారంతో బుట్టకి కట్టండి.

గోదారిగట్టు
శనివారం, ఉదయం 9:40

రంధ్రం ఉందండి, తాళం వేసుకోవడానికి అనుకుంటా. పిన్ను పెట్టాను, రబ్బరు రెండు పొరలు చేశాను. ఇప్పుడు మీట మూసేటప్పుడు బొటనవేలితో గట్టిగా నొక్కాల్సి వస్తోంది, టప్పుమని కూర్చుంటోంది. నిన్న కావాలనే ఖాళీ బుట్టతో అదే స్పీడ్ బ్రేకర్ మీద నాలుగుసార్లు వెళ్లాను, కదల్లేదు. ఇవాళ పొద్దున తొమ్మిది కిలోలు, అందులో ఒక గుమ్మడికాయ. గుమ్మడికాయ, ఉల్లిపాయలు అడుగున మధ్యలో, టమాటాలు పైన. ఒక్క టమాటా కూడా నలగలేదు.

జిప్‌టై_రాజు
శనివారం, ఉదయం 10:25

నాకూ ఇలాంటిది చేసుకోవాలని ఉంది. ఈ చిన్న గొళ్లెం హైదరాబాద్‌లో ఎక్కడ చూడాలి?

మేదరిబుట్ట
శనివారం, ఉదయం 10:50

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపులు వరసగా ఉంటాయి, అక్కడ అడగండి. క్యారియర్ రిఫ్లెక్టర్ రేకు రంధ్రాల మధ్య దూరం కొలుచుకుని వెళ్లండి. నేను కొలిచిన రెండు క్యారియర్లలో ఒకదానికి 50 మి.మీ., ఇంకోదానికి 80 ఉంది.

గోదారిగట్టు
శనివారం, మధ్యాహ్నం 12:05

ఇంకొక్క సాయం కావాలండి. మా మామగారు ఇది చూసి, తన పాత 28 అంగుళాల సైకిల్‌కి కూడా చేసిపెట్టమన్నారు. ఆ క్యారియర్ వెడల్పు, చువ్వలు కూడా లావు. నా బద్దలు దానికి సరిపోవు. స్ప్రింగు క్లిప్పు తీసేయొద్దంటున్నారు, పేపరు పెట్టుకోవాలట. క్లిప్పు ఉంచి ముందు కొక్కెం ఎక్కడ తగిలించాలి?

స్ప్రింగ్‌క్లిప్పు
శనివారం, మధ్యాహ్నం 12:30

ఇది నాకు వదిలేయండి. నా దగ్గర అదే క్యారియర్ ఉంది. సాయంత్రం కొలిచి, గీసి పెడతాను. క్లిప్పు పడుకునే చోట పలకలో గాడి కోస్తే చాలు, ముందు అడ్డ చువ్వ ఖాళీగానే ఉంటుంది.